క్రీస్తు లేడనడమే భౌతికవాదమా?

క్రైస్తవం పుట్టుకను గురించి చర్చ వచ్చినప్పుడల్లా మన మిత్రులు కొందరు ఒక్క మాటతో తేల్చివేస్తున్నారు: యేసు అనే మనిషే లేడు, అంతా కట్టుకథ అని. ఆ మాట అనేస్తే మతం పునాది కూలుతుందని వారి విశ్వాసం. విశ్వాసమనే మాట తెలిసే వాడుతున్నాను.

సాక్ష్యాలు చూద్దాం. యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాసిన యూదుల ప్రాచీన చరిత్ర 18వ భాగంలో యేసును క్రీస్తని కీర్తించే వాక్యాలున్నాయి. వాటిలో క్రైస్తవ లేఖకుల చేయి పడిందని పండితుల్లో దాదాపు అందరూ ఒప్పుకుంటారు. వాటిని యథాతథంగా రుజువని చూపే మతబోధకుల వాదం చెల్లదు. కాని 20వ భాగంలో, క్రీస్తని పేరుపడిన యేసుకు సోదరుడైన యాకోబును రాళ్లతో కొట్టి చంపించిన ప్రస్తావన ఉంది. భక్తుడే చేర్చి ఉంటే ఇంత పొడిగా రాసి ఊరుకుంటాడా?

వేమన పేర చలామణీ అవుతున్న పద్యాల్లో ఇతరులు కట్టినవి ఎన్నో ఉన్నాయి. అంతమాత్రాన వేమనే లేడంటామా? ప్రక్షిప్తాన్ని ఏరివేయడం విమర్శ. ప్రక్షిప్తముంది గనుక మనిషే లేడనడం తొందరపాటు.

పౌలు గలతీయులకు రాసిన లేఖ సుమారు క్రీ.శ. 50-60 మధ్యది. యెరూషలేములో పేతురునూ, ప్రభువు సోదరుడైన యాకోబునూ చూశానని అందులో చెబుతాడు. సోదరుడంటే సంఘసభ్యుడని మనవారు సర్దుకుంటారు. మరి పక్కనే ఉన్న పేతురుకు ఆ బిరుదు ఎందుకు దక్కలేదు?

ఎంగెల్స్ చెప్పాడు కదా అంటారు. 1894 నాటి వ్యాసంలో ఆయన బ్రూనో బౌయర్ పరిశోధనకు విలువ ఇచ్చిన మాట నిజమే. ప్రకటన గ్రంథం క్రీ.శ. 68 ప్రాంతానిదనీ, క్రైస్తవ రచనల్లో అదే తొలిదనీ భావించాడు. నేడు ఎక్కువమంది పండితులు దానిని మొదటి శతాబ్దం చివరికి జరిపారు. పౌలు లేఖలే ముందువంటున్నారు. ఆయన తన కాలపు పరిశోధనను శ్రద్ధగా చదివాడు. మన కాలపు పరిశోధనను మనం చదవకపోతే ఆయన బాటలో నడిచినట్టా, ఆయన వ్యాసాన్ని మరో వేదం చేసినట్టా?

రోమను అధికారి పిలాతు సిలువ వేయించిన ఒక గలిలయ బోధకుడు ఉన్నాడని ఒప్పుకుంటే అద్భుతాలను ఒప్పుకున్నట్టు కాదు. పైగా అసలు ప్రశ్న అక్కడే మొదలవుతుంది. క్రీ.శ. 112 ప్రాంతంలో బితూనియ పాలకుడు ప్లినీ, పరిచారికలని పిలవబడే ఇద్దరు బానిస స్త్రీలను చిత్రహింస పెట్టి విచారించానని ట్రాజాన్ చక్రవర్తికి రాశాడు. అన్ని అంతస్తులవారూ ఆ మతంలో ఉన్నారని కూడా రాశాడు. బానిస స్త్రీకి బాధ్యత అప్పగించిన సంఘం, 380 నాటికి చక్రవర్తుల అధికార మతంగా ఎలా మారింది? ఏ వర్గాలు అందులో చేరాయి, ఏ వర్గాలు దానిని కైవసం చేసుకున్నాయి?

యేసు లేడని తేల్చిన మరుక్షణం ఈ ప్రశ్న మన చేతిలోనుంచి జారిపోతుంది. మతబోధకుడికి అంతకంటె కావలసిందేముంది?