కొన్నది మనదేనా?

సొమ్మిచ్చి కొన్న వస్తువు కొన్నవానిదగుట లోకవ్యవహారమునకు మూలసూత్రము. పుంగనూరు ఆవును సంతలో కొన్నవాడు పాలు పితుకుకొనును, దూడను పెంచుకొనును, అవసరము వచ్చినప్పుడు మరల సంతకు తోలుకొనిపోవును. అమ్మినవాడు ఏడాది గడచిన పిమ్మట వచ్చి, పలుపు చేతబట్టుకొని, “నీకు పాలు త్రాగుటకు అనుమతి మాత్రమే ఇచ్చితిని” అన్నయెడల ఊరివారు నవ్వుదురు. కాని వీడియో ఆటలను అమ్ము కంపెనీలు నేడు పలుకుచున్నది ఈ మాటయే. ఎవరును నవ్వుట లేదు.

పిల్లల ఆటలకు ఇంత చర్చయేల యని కొందరడుగవచ్చును. చర్చ ఆటను గూర్చి కాదు, ఆస్తిని గూర్చి. ప్లేస్టేషన్ 5 అను యంత్రము 2021 ఫిబ్రవరిలో మనదేశమున విడుదలయినప్పుడు డిస్కు పెట్టు సాధనము గలదాని వెల 49,990 రూపాయలు. అది లేనిదాని వెల 39,990 రూపాయలు. ఈ పదివేల తగ్గింపునకు కొనువాడు వదలుకొనునదేమి? డిస్కును ఇరుగుపొరుగునుండి ఎరువు తెచ్చుకొను వీలును, ఆడి ముగించి సగము వెలకు అమ్ముకొను వీలును. ఇక వానికి కంపెనీ అంగడి యొక్కటే గతి.

గంగవరము, పలమనేరు ప్రాంతముల సామాన్యగృహస్థునకు ఈ వెలయు భారమే. అందుచే బెంగుళూరులో బాగుచేసి అమ్ము పాతయంత్రమును తెచ్చుకొనుట సహజము. ఇందు నింద లేదు. పాఠ్యపుస్తకము మొదలు ట్రాక్టరు వరకు చేతులు మారుట మన పల్లెల పూర్వాచారమే. అయితే ట్రాక్టరు చేతులు మారినప్పుడు దాని నాగళ్లును వచ్చును. ఆటయంత్రము చేతులు మారినప్పుడు మొదటివాడు అంతర్జాలమున కొన్న ఆటలు రావు. అవి యంత్రమునకుగాక వాని ఖాతాకు కట్టుబడియుండును. ఆ ఖాతాను అమ్మరాదని నిబంధన. కావున వేలు పోసి కొన్న ఆటలు ఇచ్చినవానికి అక్కరకు రాక, పుచ్చుకొన్నవానికి అందక మూలబడుచున్నవి. పైగా మొదటివాడు నిబంధనలను మీరినాడని కంపెనీ ఆ యంత్రమునే తన జాలమునుండి వెలివేసియుండినచో, ఆ శిక్ష ఏ పాపము నెరుగని రెండవవాడు అనుభవింపవలసివచ్చును.

మన జిల్లా రైతులకు డి.కె.టి. పట్టా యననేమో చెప్పనక్కరలేదు. దున్నుకొనవచ్చును, పండించుకొనవచ్చును, అమ్మరాదని 1977 నాటి చట్టము నిషేధించినది. కంపెనీలిచ్చు హక్కు చూపునకు అట్టిదే. కాని తారతమ్యమును గమనింపుడు. ఆ భూమిని ప్రభుత్వము పేదవానికి ఉచితముగా నిచ్చినది. ధనవంతుడు వాని అవసరము కనిపెట్టి కాజేయకుండుటకై అమ్మకమును కట్టినది. అచ్చటి నిషేధము బలహీనునకు కంచె. ఇచ్చట పూర్తివెల పుచ్చుకొని విధించిన నిషేధము బలవంతునకు కోట.

అంగడియే మూతపడినచో మాట ఏమి? నింటెండో కంపెనీ తన వీ యూ, 3డీఎస్ యంత్రముల అంగడిలో 2023 మార్చి 27తో అమ్మకములు నిలిపివేసినది. మైక్రోసాఫ్టు వారి ఎక్సుబాక్సు 360 అంగడి 2024 జూలై 29న మూతపడినది. ఆ పాతయంత్రములను నేడు కొన్నవారికి పాత డిస్కులును కార్డులునే శరణ్యము. డిస్కు ఉన్నను రక్షణ లేని సందర్భములును గలవు. యూబీసాఫ్టు వారు ‘ది క్రూ’ అను ఆట సర్వర్లను 2024 మార్చి 31న ఆపివేయగా, డిస్కు చేతనున్నవారికిని ఆట లేకపోయినది.

ఈ వివాదమున మన రాష్ట్రమునకు సంబంధించిన తీర్పొకటి స్మరణీయము. కంప్యూటరు ప్రోగ్రాము సరకు కాదు గనుక అమ్మకపు పన్ను చెల్లదని టాటా కన్సల్టెన్సీ వారు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వముపై వాదింపగా, డిస్కుపై అమ్మబడునది సరకేయని 2004లో సుప్రీంకోర్టు నిర్ణయించినది. పన్ను పుచ్చుకొనుటకు సరకైనది, కొన్నవాడు అనుభవించుటకు మాత్రము సరకు కాకపోవునా? 1930 నాటి సరకుల విక్రయ చట్టము కొన్నవానికి నిరాటంకమైన స్వాధీనమును హామీ యిచ్చినది. నాడు డిస్కుపై వచ్చిన వస్తువే నేడు తీగవెంట వచ్చుచున్నది. దారి మారినంతమాత్రమున హక్కు హరించిపోవుట న్యాయము కాదు.

దొంగప్రతులను అరికట్టుటకే ఈ కట్టుబాట్లని కంపెనీలు చెప్పుచున్నవి. దొంగప్రతుల బెడద నిజమే. సర్వర్లను నడుపుటకు ఖర్చగుటయు నిజమే. కాని హక్కును ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు మార్చినప్పుడు మొదటివానివద్ద ప్రతి మిగులదు. లెక్కలన్నియు కంపెనీ పుస్తకములలోనే యుండగా ఈ బదిలీ అసాధ్యమనుట నమ్మదగిన మాట కాదు.

ప్రజలు గట్టిగా పలికిన కంపెనీలు విననివి కావు. పాత ఆటల అమ్మకముపై ఆంక్షలు ప్రకటించిన మైక్రోసాఫ్టు, కొనుగోలుదారుల ఆగ్రహమునకు జంకి, 2013 జూన్‌లో వాటిని ఉపసంహరించుకొన్నది. ప్లేస్టేషన్ 3 అంగడిని మూసెదమన్న సోనీ, 2021 ఏప్రిల్‌లో ఆ నిర్ణయమును మార్చుకొన్నది. అనుమతి మాత్రమే యిచ్చునప్పుడు ఆ సంగతి స్పష్టముగా చెప్పక ‘కొనుడు’ అను మాట వాడరాదని కాలిఫోర్నియా రాష్ట్రము చేసిన శాసనము 2025 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది.

మనకును సాధనము లేకపోలేదు. హేతువు లేకుండ ఏకపక్షముగా రద్దుచేయు హక్కునిచ్చు ఒప్పందమును 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టము అన్యాయపు ఒప్పందములలో చేర్చినది. అట్టి ఫిర్యాదులను రాష్ట్ర కమిషను విచారింపవచ్చును. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికారసంస్థ తానై పూనుకొని మూడు విధులను శాసింపవలయును. అనుమతిని అమ్మకమని పిలువరాదు. యంత్రముతోపాటు ఆటల హక్కును బదిలీచేయుటకు మార్గముండవలయును. అంగడి మూయుటకు ముందు, కొన్నవారి ఆటలు కంపెనీ ప్రమేయము లేకయే నడచునట్లు ఏర్పాటు చేయవలయును.

నేడు ఆటలకు పట్టిన ఈ తెగులు పుస్తకములకును సంగీతమునకును ఇప్పటికే సోకినది. రేపు పొలము దున్ను యంత్రమునకు సోకదని ఎవరు చెప్పగలరు? పలుపు చేతికిచ్చినవాడు ఆవునుగూడ ఇచ్చినట్లే యని చట్టము స్పష్టముగా పలుకువరకు కొనువారు మౌనము వహింపరాదు.