పాలు తాగని మాదిగోడికి ఇల్లేది?

నేను మాంసం తినను. గుడ్డు తినను. పాలు తాగను, పెరుగు ముట్టను. దీన్ని ఇప్పటి భాషలో వీగన్ అంటారని మా బడిలో పదో తరగతి పిల్ల చెబితే తెలిసింది. ఈ దేశంలో మనిషి మైలా మడీ నాలుక మీదనే ఉంటుందన్న మాట నిజమైతే, హైదరాబాద్‌లో నాకు తెరుచుకోని గేటు ఉండకూడదు. నాలుగు నెలలు తిరిగిన. ఒక్క గేటూ తెరుచుకోలేదు.

నా భార్య నగరంలో ప్రభుత్వ దవాఖానాలో నర్సు. భార్యాభర్తల కేసు కింద నాకూ ఇటువైపు బదిలీ అయింది. నల్లకుంట, విద్యానగర్, ఆ తర్వాత కొత్తపేట, సరూర్‌నగర్. ఆదివారం వస్తే ఇద్దరం స్కూటర్ మీద గల్లీ గల్లీ తిరగడమే. ఎక్కడ చూసినా అదే బోర్డు: 'టు లెట్. ఓన్లీ వెజిటేరియన్స్.'

ఒక ఇంట్లో రిటైరైన ఆఫీసరు. "వెజ్జా, నాన్‌వెజ్జా?" అన్నాడు. నేను పాలు కూడా తాగనండీ అన్న. పెద్దాయన మొహం వెలిగిపోయింది. "అబ్బో, మాకన్నా నిష్ఠ మీదే!" అని లోపలికి పిలిచి కుర్చీలు వేయించాడు. ఆయన భార్య స్టీలు గ్లాసుల్లో నీళ్ళిచ్చింది. అడ్వాన్సు దాకా వచ్చింది మాట. అప్పుడు ఊరడిగాడు. ఊరు తర్వాత ఇంటిపేరు. ఇంటిపేరుతో తేలకపోతే "ఇంతకీ మీరెవరోళ్ళు?" అన్నాడు. చెప్పిన. గోడ మీది క్యాలెండర్ వైపు కాసేపు చూసి, "మా మేనల్లుడు వచ్చే నెల దిగుతానన్నాడు, మర్చేపోయాను" అన్నాడు. మేం మెట్లు దిగుతుంటే వెనకనుంచి గ్లాసులు తోముతున్న చప్పుడు. పొద్దున పదిన్నరకి!

నేను పాలెందుకు తాగనో ఆయన అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణి. చిన్నప్పుడు సెలవుల్లో దొర బర్రెలు కాసేవాణ్ణి. దుడ్డె చచ్చిపోతే బర్రె పాలు చేపదు. అందుకని మా తాతను పిలిపించేవాళ్ళు. తాత ఆ దుడ్డె తోలు ఒలిచి, ఉప్పు పట్టించి, లోపల గడ్డి కూరి కుట్టి తెచ్చేవాడు. దాన్ని బర్రె ముందర నిలబెడితే, అది తన బిడ్డే అనుకుని నాకుతూ నాకుతూ పాలు చేపేది. ఆ పాలు దొర ఇంటికి, గుడికి, హోటల్‌కి. తాత మాత్రం కొట్టం గడప దాటకూడదు. ఆయన చెయ్యి తగిలితే కడవ మైలపడతది. గడ్డి దుడ్డెను చేసిన చెయ్యి అంటరానిది, ఆ గడ్డి దుడ్డెను చూపెట్టి పిండుకున్న పాలు అమృతం. ఆ బర్రె నాకడం చూసినవాణ్ణి, పాలు నా గొంతు దిగలేదు. మాంసం మాత్రం తిన్న. 2012లో ఉస్మానియాలో బీఫ్ ఫెస్టివల్ పెట్టినప్పుడు లైన్‌లో నిలబడి తిన్న. ఆ తర్వాత కొన్నేళ్ళకు అదీ మానేసిన. ఎవరికో భయపడి కాదు, ఎవరినో మెప్పించడానికి అసలే కాదు. నా భార్య తింటుంది. నా బిడ్డ గుడ్డు తింటుంది. మా అమ్మ పెద్దకూర తింటుంది.

కేంద్ర ప్రభుత్వం 2014లో చేసిన శాంపిల్ రిజిస్ట్రేషన్ బేస్‌లైన్ సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్ళు దాటినవాళ్ళలో 98 శాతానికి పైగా మాంసాహారులే. దేశంలోనే ఎక్కువ. మరి ఈ గల్లీ నిండా బోర్డులు ఎవరికోసం? వందలో ఇద్దరి కోసమా? బోర్డు కట్టిన ఓనర్లలో ఆదివారం యాటకూర వండుకునేవాళ్ళను నేను ముక్కుతో కనిపెట్టిన. ఇంటివాడు తినొచ్చు, కిరాయిదారు తినొద్దు. అంటే గొడవ కూరతో కాదన్నమాట. 'ఓన్లీ వెజ్' అన్నది తిండి పేరు కాదు, కులం అడగకుండా కులం అడిగే మర్యాద. మా ఊర్లో ఈ మర్యాద లేదు, ఊరవతల వాడ అని సూటిగా ఉంది. ముస్లిం మిత్రులు నాకంటే ముందే ఈ మర్యాద రుచి చూసినవాళ్ళు. వాళ్ళకు ఇంటిపేరు దాకా కూడా పోదు, పేరు దగ్గరే గేటు పడతది.

ఇక సిగ్గుపడే ముచ్చట కూడా చెప్పాలె. అలసిపోయి ఒకచోట అబద్ధమాడిన. కులం అడిగితే వేరే కులం చెప్పిన, ఇంట్లో అందరం శాకాహారులమే అన్న. ఇల్లిచ్చారు. ఏడు నెలలున్నాం. నా భార్య డ్యూటీలో క్యాంటీన్‌లో తినొచ్చేది. బిడ్డకు గుడ్డు కూడా బయటే, అదీ ఎవరికీ చెప్పొద్దని నేర్పిన. పిల్లలకు నిజం చెప్పమని పాఠం చెప్పే సారును నేను! దసరాకు అమ్మ వచ్చింది. సంచిలో ఎండు తునకలు. వాసన బయటికి పొక్కుతదని ఆ సంచిని చీకట్లో తీసుకుపోయి మిత్రుడి ఇంట్లో పెట్టొచ్చిన. అమ్మ చూస్తనే ఉంది. "నువ్వు తినకుంటే తినకు బిడ్డా. నా సంచి ఎందుకు దాస్తున్నవ్?" అంది. మూడు రోజులుంటానని వచ్చిన మనిషి తెల్లారే బస్సెక్కింది. ఆ నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేసినం.

1917లో అంబేద్కర్ బరోడాలో ఉద్యోగానికి పోతే తలదాచుకోను చోటు దొరకలేదు. పారసీ సత్రంలో పారసీ పేరుతో దిగిండు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని వచ్చి వెళ్ళగొట్టారు. మిత్రులిద్దరిని అడిగితే, ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవంలోకి పోయిన బ్రాహ్మడు, ఇద్దరూ మెత్తగా తప్పించుకున్నారు. కొలంబియాలో చదివొచ్చిన మనిషి పార్కులో కూర్చుని ఏడ్చి రైలెక్కిండు. నూరేళ్ళు దాటినంక నేనూ వేరే కులం పేరుతోనే ఇల్లు సంపాదించిన. తేడా ఏమిటంటే కర్రలు పట్టుకుని నా మీదికి ఎవరూ రాలేదు, నేనే నా తల్లిని వెళ్ళగొట్టిన.

చట్టం లేదా అంటే ఉంది. అంటరానితనం పేరుతో ఎవరినీ ఏ ప్రాంతంలోనూ నివాసం ఉండకుండా అడ్డుకోరాదని 1955 పౌరహక్కుల రక్షణ చట్టం అంటున్నది. కానీ మేనల్లుడు వస్తున్నాడంటే ఏ సెక్షన్ పెడతాం? కూర వాసన పడదంటే ఎవరి మీద కేసు? పైగా సహకార హౌసింగ్ సొసైటీ సభ్యత్వాన్ని తమవాళ్ళకే పరిమితం చేసుకోవచ్చని 2005లో సుప్రీంకోర్టే తీర్పిచ్చింది.

ఇప్పుడు నగరంలోని వీగన్ మిత్రులతో ఒక మాట. మీ కూటమికి ఒకసారి వచ్చిన. ఏ ఏరియాలో ఉంటే సోయాపాలు దొరుకుతయి, ఏ అపార్ట్‌మెంట్‌లో మాంసం వాసన రాదు అని చర్చ. ఒకాయన ఓన్లీ వెజ్ సొసైటీలే మనకు నయం అన్నాడు. అయ్యా, ఆ సొసైటీ నిండా పాలు పొంగుతుంటయి, మీకు ఆ వాసన రాదా? బర్రె మీద జాలి ఉన్నోడికి గేటు బయట నిలబడ్డ మనిషి కనబడడా? మా ఇంట్లో జొన్నరొట్టె, గోంగూర, పచ్చిపులుసు, పల్లీల తొక్కు, నల్లచాయ్. వారంలో ఆరు రోజులు మావాళ్ళు పాలు లేని తిండే తిన్నరు, దానికి పేరు పెట్టుకోలేదు. "నువ్వు బాపనోడివైపోయినవ్" అని నన్ను ఆటపట్టించే మన ఉద్యమ మిత్రులకూ చెప్తున్నా. ఒకరి కంచంలోకి తొంగిచూసే అలవాటు మనకు మనువాదులనుంచే అంటింది, అక్కడే వదిలేద్దాం.

ఇప్పుడుంటున్న బస్తీలో గల్లీ మొదట్లోనే పెద్దకూర దుకాణం. ఓనర్ తురక ముసలమ్మ. నెల కిరాయి ఎంత, నీళ్ళు ఎన్నింటికి వస్తయి, ఇంతే మాట్లాడింది. నేను పాలు తాగనని తెలిసి మొదట రోగమేమో అనుకుంది. ఇప్పుడు రంజాన్‌కు నాకోసం వేరే గిన్నెలో నీళ్ళతోనే సేమ్యా వండుతది. నగరంలో వీగన్ బతకడానికి అనువైన చోటు కసాయి దుకాణం పక్కన దొరికింది నాకు. అమ్మ మొన్న వచ్చి పదిరోజులుంది. తునకలు మిద్దె మీదనే ఆరబెట్టుకుంది.

ఓనర్లకు చివరిగా ఒకటే అడుగుతున్నా. ఆ బోర్డు మీద 'ఓన్లీ వెజిటేరియన్స్' కొట్టేయండి. మీ మనసులో ఏముందో అదే రాయండి, మాలోళ్ళకు మాదిగోళ్ళకు తురకోళ్ళకు ఇల్లు ఇవ్వబడదు అని, పెద్ద అక్షరాలతో. కింద మీ సంతకం పెట్టండి. 1955 చట్టం పట్టుకుని నేను ఆ కాగితం కోసమే చూస్తున్న.