వెదురు పుచ్చును తిను పురుగును చంపకుడు

కోసి తెచ్చిన కొద్ది నెలలకే వెదురు వాసము నుండి, పందిరి గుంజ నుండి సన్నని పిండి రాలుట మీరందరు ఎరిగినదే. ఉదయము ఊడ్చిన చోట సాయంకాలమునకు మరల కుప్ప పడును. గుండుసూది తలంత రంధ్రములు కనబడును. వెంటనే చేతికందిన పురుగుమందు తెచ్చి చల్లుదురు. ఒకప్పుడు బి.హెచ్.సి. పొడి చల్లెడివారు. 1997లో ఆ మందు నిషేధింపబడినది గాని చల్లు అలవాటు పోలేదు. ధాన్యము పోయు గాదెకు, కూరలు మోయు తట్టకు విషము పూయుట ఎంత ప్రమాదమో వేరుగ చెప్పనక్కరలేదు. దానితో మరియొక నష్టము కూడ కలదు.

ఆ పిండిలో తిరుగు పురుగులన్నియు ఒక్క జాతివి కావు. వెదురును తొలుచునది డైనోడెరస్. సుమారు 3 మిల్లీమీటర్ల పొడవుండును. తల క్రిందికి వంగియుండుటచే పైనుండి చూచిన కానరాదు. అప్పుడప్పుడు దాని నడుమనే మరియొకటి కనబడును. ఇది సన్నగ, పొడవుగ ఉండును, మేన నూగు, బయటికి స్పష్టముగ కనుపించు తల, కన్నులు, చురుకుగ పరుగెత్తును. ఇది గళ్ళ పెంకుపురుగుల కుటుంబములోని టిల్లాయిడియా నొటేటా. పెద్ద పురుగు పైన తిరుగుచు తొలుచు పురుగులను పట్టి తినును. పిల్లపురుగు సొరంగములలో దూరి, మన మందు చేరలేని చోట, శత్రువు పిల్లలను వెదకి తినును. మందు చల్లిన ముందుగ చచ్చునది బయట తిరుగు ఈ మిత్రుడే!

శాస్త్రజ్ఞులు 1842లోనే దీనికి పేరు పెట్టిరి. అయినను దీని బ్రతుకును శ్రద్ధగ పరిశీలించినవారు బహు కొద్దిమంది. వెదురు పేదవాని కలప అగుటయే ఇందుకు కారణము కాబోలు.

అట్లని దీనిమీద భారము వేసి కూర్చుండుమని నేననను. తిండి ఉన్న చోటికే ఇది వచ్చును. అనగా వెదురు పుచ్చిన తరువాతనే. వాసమును కాపాడవలసినవారు మీరే. తొలుచు పురుగు వచ్చునది వెదురులోని పిండిపదార్థము కొరకు. కోసిన బొంగులను ఒకటి మొదలు మూడు నెలలు నీటిలో, వీలయిన పారు నీటిలో, మునుగునట్లు నానవేసిన అది చాలవరకు పోవును. నిలువ నీరైన దుర్వాసన కొట్టును, ఓర్చుకొనవలెను. లేత బొంగులను కోయకుడు.

విస్తరణాధికారులకు ఒక మనవి. మీరు ప్రదర్శనలకు తెచ్చు పురుగుల పెట్టెలలో పంటల శత్రువులతో పాటు ఈ పురుగునకు కూడ చోటిండు. చూడని మిత్రుని రైతు ఎట్లు గుర్తించును?

రైతులు కూడ ఒక పని చేయవచ్చును. పుచ్చిన వెదురు ముక్కను పొయ్యిలో పెట్టక, వెడల్పు మూతి గల గాజుసీసాలో వేసి, పలుచని గుడ్డతో మూతి బిగించి నీడన ఉంచుడు. కొన్ని వారములు గమనింపుడు. తల కానరాని పురుగు ఎన్ని వెడలినవో, తల కనుపించు పురుగు ఎన్ని వెడలినవో తేదీతో కాగితముపై వ్రాసి, సీసాతో సహా మీ విస్తరణాధికారికి అందజేయుడు.