సాంచాల రొదలో అయిదు శాస్త్రాలు

1994 సెప్టెంబరు మూడో వారం. తాపీ నది వరద తీసిందే గానీ సూరత్ లోతట్టు వాడల్లో బురద ఇంకా ఆరలేదు. వినాయక నిమజ్జనం అయిన రెండు మూడు రోజులకే వేద్ రోడ్డు, కతార్‌గామ్ వైపు నుంచి కాగిపోయే జ్వరంతో, దగ్గితే నెత్తురు పడే స్థితిలో మనుషులను ఆసుపత్రికి మోసుకురావడం మొదలైంది. కొందరు ఒకటి రెండు రోజుల్లోనే పోయారు. ప్లేగన్న మాట పుట్టిందో లేదో మందుల దుకాణాల్లో టెట్రాసైక్లిన్ అయిపోయింది. ప్రైవేటు వైద్యులు చాలామంది క్లినిక్కులకు తాళాలు వేశారు. లక్షల మంది రైళ్లకూ బస్సులకూ ఎగబడి ఊరు విడిచారు. సాంచాలు (మరమగ్గాలు) నడుపుకుని బతకడానికి వరంగల్, కరీంనగర్, నల్లగొండ వైపు నుంచి వలసపోయిన మన పద్మశాలి కుటుంబాలూ ఆ గుంపులో ఉన్నాయి.

వచ్చింది ప్లేగేనా? దేశంలోని పెద్ద ప్రయోగశాలలన్నీ ఆ ప్రశ్న చుట్టూ తిరిగాయి. కాదు, మరేదో జ్వరమన్న పేరున్న వైద్యులూ ఉన్నారు. తేల్చడానికి కేంద్ర ప్రభుత్వం వేసిన సాంకేతిక సలహా సంఘానికి అధ్యక్షుడు మన శ్రీకాకుళం బిడ్డ డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. విశాఖలో వైద్యం చదివి, ఆ తర్వాత ఎయిమ్స్‌కూ భారత వైద్య పరిశోధన మండలికీ సారథ్యం వహించినవాడు. కాంగ్రా లోయలో గొంతువాపుకు మూలం నేలలో అయోడిన్ కొరతేనని పట్టుకుని, ఇంటింటి ఉప్పులో దాన్ని కలిపితే జబ్బు తగ్గుతుందని ఊళ్లలోనే రుజువు చేసిన బృందానికి ఆయనే పెద్ద. జబ్బును ఒంట్లోనే కాక మట్టిలోనూ ఉప్పులోనూ వెతకడం ఆయనకు అలవాటైన పని. సూరత్‌లో వచ్చింది ప్లేగేనని ఆ సంఘం చెప్పింది. ఆనాటి నమూనాల నుంచి వేరుచేసిన బాక్టీరియా జన్యువులను చదివి, అది యెర్సీనియా పెస్టిస్ అని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పరిశోధన పత్రం అచ్చువేసింది 2000లో.

అంటే ఆరేళ్లు. ఇందులో శాస్త్రవేత్తల తప్పేమీ లేదు. జన్యు ఆధారం కూడగట్టడానికి సమయం పడుతుంది. అయితే సూరత్ ఆ ఆరేళ్లూ చేతులు కట్టుకుని కూర్చోలేదు. 1995 మే నెలలో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు, మరో తెలుగువాడు, సూక్ష్మజీవి పేరు తేలేదాకా ఆగకుండా మురుగు ఎటు పోతోందో చూశారు. అధికారులు పొద్దున పూట వీధుల్లో ఉండాలన్నారు. నగరాన్ని ఆరు మండలాలు చేసి ఒక్కోదానికి బాధ్యుణ్ని పెట్టారు. రాత్రిళ్లు వీధులు ఊడ్పించారు. ఆక్రమణలు ఎవరివైనా కూల్చారు. ఏ ఆసుపత్రిలో ఏ రోజు ఎన్ని జ్వరాలు వచ్చాయో రోజూ లెక్క తెప్పించే పద్ధతి స్థిరపడింది. 1996లో ఇంటాక్ సంస్థ దేశంలో చండీగఢ్ తర్వాత అంత శుభ్రమైన నగరం సూరతేనని తేల్చింది. సూరత్‌లోని సామాజిక అధ్యయన కేంద్రంలో ఏళ్ల తరబడి పనిచేసిన ఘనశ్యామ్ షా, ప్లేగు వెనక ఉన్న మురికివాడలనూ నగర పాలననూ చర్చిస్తూ 1997లో ఏకంగా పుస్తకమే రాశారు.

ఈ కథను నేను ఒక కారణంతో ఎత్తుకున్నాను. సూక్ష్మజీవశాస్త్రం, మురుగునీటి ఇంజినీరింగు, సమాజశాస్త్రం, వైద్యం, పాలన ఆనాడు ఒకే వాడలోకి దిగాయి. ఎవరూ బహుళ శాస్త్ర సదస్సు పెట్టి పిలవలేదు. చావు పిలిచింది. మరి చావు అంత వేగంగా రాని చోట? ఏళ్ల తరబడి మనిషిని కొద్దికొద్దిగా తినే బాధ దగ్గరికి ఆ శాస్త్రాలు కలిసి వెళ్తున్నాయా? తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉండే లింబాయత్ వైపు, ఉధనా వైపు సాంచాల షెడ్లలో ఆ ప్రశ్నకు జవాబు వెతకాలి.

ఒక షెడ్డు గుమ్మంలో నిలబడండి. పాత తరహా నాడె సాంచె అయితే, ఒక పక్కనున్న కర్ర నాడెను బలంగా కొడుతుంది. నాడె పడుగు మధ్యనుంచి దూసుకుపోయి అవతలి పెట్టెలో ఠక్కున ఆగుతుంది. మళ్లీ అటునుంచి దెబ్బ. నిమిషానికి వందకు పైగా దెబ్బలు. అలాంటివి ఇరవయ్యో ముప్పయ్యో పక్కపక్కనే, పైన రేకుల కప్పు, చుట్టూ సున్నం గోడలు. లోపల ఎవరూ మాట్లాడుకోరు. దారం తెగితే వేళ్లతో సైగ, కండె అయిపోతే కనుబొమ్మతో సైగ. కొత్తగా చేరిన కుర్రాడికి మొదటి వారమంతా రాత్రి పడుకున్నాక కూడా చెవుల్లో గుయ్యిమంటుంది. రెండో నెలకు ఆ మోత వినపడదు. అలవాటైందని సంతోషిస్తాడు.

అది అలవాటు కాదు. లోపలి చెవిలో శంఖంలాంటి గొట్టంలో ధ్వనిని నరాల భాషలోకి మార్చే రోమ కణాలుంటాయి. పుట్టుకతో చెవికి సుమారు 15 వేలు. చచ్చిన కణం మనిషిలో మళ్లీ మొలవదు. పక్షుల్లో మాత్రం మొలుస్తుందని 1988లో తేలింది. అప్పటినుంచీ క్షీరదాల్లో ఎందుకు మొలవదన్నది జీవశాస్త్రంలో పెద్ద వేట. ఆ వేట ఫలించేదాకా సాంచె కార్మికుడికి ఉన్నవి ఆ 15 వేలే.

భౌతికశాస్త్రం చెప్పేది ఇంకా కఠినంగా ఉంటుంది. డెసిబెల్ మామూలు లెక్క కాదు. మూడు డెసిబెళ్లు పెరిగితే శబ్ద శక్తి రెట్టింపు. అందుకే పది సాంచాల షెడ్డులో అయిదింటిని ఆపినా రొద తగ్గేది సుమారు మూడు డెసిబెళ్లే, చెవికి పెద్ద తేడా తెలియదు. నాడె సాంచాల షెడ్లలో రొద సాధారణంగా 95 నుంచి 105 డెసిబెళ్ల మధ్య ఉంటుంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ 1998లో సిఫార్సు చేసిన లెక్క ప్రకారం 85 డెసిబెళ్ల దగ్గర ఎనిమిది గంటలు పనిచేయొచ్చు, ఆపైన మూడు పెరిగినప్పుడల్లా సమయం సగం కావాలి. ఆ లెక్కన 100 డెసిబెళ్ల షెడ్డులో మనిషి ఉండదగ్గది రోజుకు పావుగంట. మన ఫ్యాక్టరీల నమూనా నియమాలు 90 దగ్గర మొదలై, అయిదు పెరిగితే సమయాన్ని సగం చేస్తాయి. అవే 100 డెసిబెళ్లకు రెండు గంటలు ఇస్తాయి. పావుగంటకూ రెండు గంటలకూ మధ్య శాస్త్రం, వ్యాపారం ఎంతెంత బేరమాడుకున్నాయో విడిగా రాయాల్సిన కథ. సూరత్ సాంచాల మీద షిఫ్టు మాత్రం పన్నెండు గంటలు.

వినికిడి ముందుగా దెబ్బతినేది నాలుగు వేల హెర్ట్‌జ్ దగ్గర. చెవి కాలువ తన ఆకారం వల్ల మూడు వేల దరిదాపుల శబ్దాలను పెద్దవి చేసి లోపలికి పంపుతుంది. దెబ్బ దానికి కాస్త పైన తగులుతుంది. క, త, చ, స లాంటి హల్లుల పదును ఉండేది ఆ ఎత్తులలోనే. అచ్చులు కిందిస్థాయిలో ఉంటాయి. తెలుగు అజంత భాష, మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. కాబట్టి చెవి దెబ్బతిన్న తెలుగు నేతగాడికి గొంతు వినపడుతుంది, మాట తోక వినపడుతుంది, తల మాత్రం జారిపోతుంది. ‘కల’ అన్నారో ‘తల’ అన్నారో తేలదు. తనకు వినపడుతోందనే అనుకుంటాడు. ఇంట్లోవాళ్లే నసుగుతున్నారని విసుక్కుంటాడు. కూతురు ‘బాపూ’ అని మూడోసారి గట్టిగా పిలిస్తే, ఎందుకే అరుస్తవ్ అని కసురుకుంటాడు. నలభై అయిదేళ్ల మనిషి పెళ్లిళ్లలో ఓ మూల కూర్చోవడం మొదలుపెడతాడు. ఈ జబ్బు గురించి నన్ను అన్నిటికన్నా కలచివేసేది ఇదే. కాలో చెయ్యో పోతే ఊరంతా చూస్తుంది. ఇది పోతే మనిషిది చిరాకు స్వభావమంటారు.

చెవుల్లో బిరడాలు పెట్టుకోవచ్చుగా అంటారు. పంచినచోట కూడా కార్మికులు వాటిని తీసి జేబులో వేసుకుంటారు. నిర్లక్ష్యం అనేస్తే మనకు పని సులువు. కానీ నేతగాడు సాంచెను చెవితో నడుపుతాడు. దెబ్బ లయ తప్పితే నాడె ఇరుక్కోబోతోందని, చప్పుడు మొద్దుబారితే తోలు అరిగిందని కళ్లకన్నా ముందు చెవి చెబుతుంది. బిరడా పెడితే ఆ ఆనవాలు పోతుంది, గుడ్డ పాడవుతుంది, కూలి కోస్తారు. చెవికి ప్రమాదాన్ని తగ్గిస్తూనే సాంచె మాట వినపడనిచ్చే బిరడా కావాలి. లేదంటే తెగిన దారాన్ని దీపంతో చూపే ఏర్పాటు కావాలి. అది ఇంజినీరు పని, కానీ ఆ ప్రశ్న షెడ్డులో నిలబడిన ఇంజినీరుకే పుడుతుంది. రేకుల కప్పు కింద ధ్వనిని పీల్చే పలకలు, పునాది కింద రబ్బరు దిండ్లు, అరిగిన భాగాలు వేళకు మార్చడం లాంటి చవక మార్గాలూ ఉన్నాయి. నాడె లేని నీటిధార, గాలిధార సాంచాలు సూరత్‌లో పెరుగుతున్నాయి. వాటిలో ఆ దెబ్బ ఉండదు గానీ వేగం ఎక్కువ కాబట్టి రొద లేదనుకుంటే పొరపాటు.

ఇక చట్టం సంగతి. రొద వల్ల వచ్చే వినికిడి లోపాన్ని 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే తెలియపరచాల్సిన వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చింది. అప్పటి నష్టపరిహార చట్టంలోనూ ఉండేది. అయితే వికలాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం వినికిడి మందగించినవాడుగా లెక్కలోకి రావాలంటే రెండు చెవుల్లోనూ మాటల స్థాయిలో 60 డెసిబెళ్ల నష్టం ఉండాలి. నాలుగు వేల హెర్ట్‌జ్ దగ్గర గొయ్యి పడి, మాటల్లో సగం జారిపోతున్న మనిషి ఆ గీతకు ఇవతలే ఉంటాడు. పునరావాసం ఎప్పుడు మొదలుపెట్టాలని శాస్త్రం అంటుందో అప్పటికి చట్టం దృష్టిలో అతనికి ఏమీ కాలేదు.

ఈ సమస్యకు కావలసిన విద్యాసంస్థలన్నీ సూరత్‌లోనే ఉన్నాయి. 1961లో పుట్టిన సర్దార్ వల్లభ్‌భాయ్ జాతీయ సాంకేతిక సంస్థ, ప్రభుత్వ వైద్య కళాశాల, నగరపాలక సంస్థ సొంత వైద్య కళాశాల, వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం, కృత్రిమ దారాల మీద పరిశోధించే ‘మంత్ర’, ప్లేగును తవ్విచూసిన సామాజిక అధ్యయన కేంద్రం. అహ్మదాబాద్‌లో జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ. ఇంకో అరుదైన వనరు కూడా ఉంది. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. సాంచె కార్మికుల ఇళ్లలోకి తెలుగులో మాట మోయగల మనుషులు, అంటే ఆ బడి పంతుళ్లు, ఇప్పటికే జీతం మీద ఉన్నారు.

లేనిది వీళ్లను ఒకచోట కూర్చోబెట్టే పద్ధతి. మన పరిశోధకుడి పదోన్నతి అతని శాఖలో, అతని శాఖ పత్రికలో అచ్చయిన వ్యాసాల లెక్కతో ముడిపడి ఉంటుంది. రుసుము కడితే జీవశాస్త్రం నుంచి భౌతికం, విద్య, పునరావాసం దాకా అన్నిటినీ ఒకే అట్ట మధ్య వేసిపెట్టే పత్రికలూ ఈ లెక్క పుణ్యమా అనే పుట్టుకొచ్చాయి. ఆ బెడదను అరికట్టాలని మొదలుపెట్టిన నమ్మదగ్గ పత్రికల ‘కేర్’ జాబితాను యూజీసీ 2025లో ఎత్తేసి, మంచిచెడ్డలు తేల్చే భారం విద్యాసంస్థలకే వదిలింది. అయిదు శాస్త్రాల వ్యాసాలు ఒకే సంచికలో పక్కపక్కన పడినంత మాత్రాన ఆ శాస్త్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడినట్టు కాదు. దేశం పరిశోధన మీద 2020-21లో ఖర్చుపెట్టింది స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం. 2023 చట్టంతో వచ్చిన అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థకు అయిదేళ్లలో 50 వేల కోట్లని లక్ష్యం పెట్టుకున్నా, అందులో 36 వేల కోట్లు ప్రభుత్వేతర వనరుల నుంచి రావాలన్నది అంచనా. పరిశ్రమ తన లాభానికి పనికొచ్చే పరిశోధనకు డబ్బిస్తుంది. కూలివాడి చెవికి ఎవరిస్తారు? ప్రభుత్వమే ఇవ్వాలి. ఒక వాడ పేరు, ఒక సమస్య పేరు రాసి, కనీసం నాలుగు శాఖల సంతకాలుంటేనే నిధి అన్న షరతుతో ఇవ్వాలి.

సూరత్‌లో అలాంటి పని మొదలవడానికి పెద్ద భవనం అక్కర్లేదు. చేరిన రోజునే ఒక చెవి పరీక్ష, ఏడాదికోసారి మళ్లీ. మాటల పరీక్ష కార్మికుడి భాషలో జరగాలి, తెలుగువాడి చెవిలో గుజరాతీ మాటలు వేసి ఎన్ని గుర్తుపట్టాడో రాసుకుంటే కొలిచింది భాషనో చెవినో తెలియదు. ఆ ఫలితం ఒక చీటీ మీద తెలుగులో రాసి అతని చేతికే ఇవ్వాలి. ఎందుకంటే అతను ఒక సేటు దగ్గరే ఉండడు. సూరత్ నుంచి భీవండి, అక్కణ్నుంచి షోలాపూర్, చివరికి చేతకానప్పుడు సిరిసిల్లకో సొంతూరికో చేరతాడు. ప్లేగు తర్వాత జ్వరాల లెక్క రోజూ తెప్పించిన నగరం సూరత్. ముప్పై ఏళ్లు సాంచాల మధ్య గడిపి ఊరికొచ్చిన మనిషిని డాక్టరు ‘ఎప్పటినుంచి వినపడటం లేదు’ అనడిగితే, ఇవాళ అతని దగ్గర చూపించడానికి ఒక్క కాగితం లేదు. ప్రశ్న కూడా రెండోసారి అడిగితే గానీ అందదు.