అరువు దిక్సూచి

2025 డిసెంబరు మాసారంభమున కేంద్ర పౌరవిమానయాన మంత్రిత్వ శాఖ రాజ్యసభకు ఒక సంగతి తెలియజేసినది. ఢిల్లీ విమానాశ్రయ పరిసరములందు, ఉపగ్రహ సంకేతముల ననుసరించి నేలకు దిగుచుండిన కొన్ని విమానములకు బూటకపు సంకేతములు తగిలినవట. ఉపగ్రహ సంకేతములకు అంతరాయము కలిగినట్లు నివేదికలు వచ్చిన తావులలో ముంబయి, కోల్‌కతా, అమృతసర్, బెంగుళూరు, చెన్నపట్టణములతో బాటు మన హైదరాబాదు పేరును గలదు. ప్రమాదమేమియు జరుగలేదు. పైలటులు ఇతర సాధనముల సాయమున క్షేమముగ దిగిరి. ఆ తృప్తితో ఆ వార్త మరుగుపడినది. కాని దాని వెనుక నున్న ప్రశ్న మరుగుపడరాదని మా అభిప్రాయము. ఆకాశము నుండి వచ్చు సంకేతము తప్పినపుడు, లేక మోసగించినపుడు, విమానమునకు గాని నౌకకు గాని తన దారిని తనకు చెప్పు సాధనమేది? దానిని చేయువారెవరు?

ఆ సాధనమే గైరోస్కోపు. పూర్వము అది మిక్కిలి వేగముగ తిరుగు చక్రము. నేడు మేలైన వానియందు చక్రమునకు బదులు కాంతి తిరుగుచున్నది. మూసిన మార్గమున రెండు కిరణములను ఎదురెదురు దిశల పరుగెత్తింతురు. సాధనము కదలకున్నచో రెండింటికిని దారి సమానము. సాధనము తిరిగినచో, తిరుగు దిశన పోవు కిరణమునకు దారి కించిత్తు పెరుగును, ఎదురువచ్చు కిరణమునకు కించిత్తు తగ్గును. ఆ కించిద్భేదమును లెక్కించినచో ఎంత తిరిగినదియు తెలియును. మూడు దిశలకు మూడు గైరోస్కోపులు, వేగములోని మార్పును కొలుచు మూడు సాధనములు, ఒక గణనయంత్రము చేరినచో విమానము వెలుపలి సాయమేమియు లేకయే తానెచ్చట నున్నదో తెలిసికొనగలదు. దానికి ఉపగ్రహముతో పనిలేదు. శత్రువు దానిని మోసగింపలేడు.

ఈ తత్త్వమును ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సాన్యాక్ 1913లో ప్రయోగపూర్వకముగ చూపెను. 1925లో మైకేల్సన్, గేల్ అనువారు చికాగో సమీపమున ఆరువందల మీటర్ల పొడవును, మూడువందలకు పైగా మీటర్ల వెడల్పును గల గొట్టముల చతురమును పరచి, గాలిని తొలగించి, భూభ్రమణమును కాంతిచేత కొలిచిరి. 1960లో లేజరు పుట్టినది. 1963లో అమెరికాలోని స్పెర్రీ సంస్థలో వలయాకారపు లేజరు తొలుదొల్త భ్రమణమును కొలిచినది. నాడు పొలములంత స్థలము కోరిన పనిని నేడు చేతిలో పట్టు గాజుదిమ్మె చేయుచున్నది. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగును. మేలైన లేజరు గైరోస్కోపు గంటకు డిగ్రీలో నూరవవంతు తప్పును గూడ సహింపదు. ఆ మాత్రపు తప్పే గంట ప్రయాణములో ఇంచుమించు ఒక కిలోమీటరు దారి తప్పించును గదా!

1963లో తత్త్వము రుజువైనది. ప్రయాణికుల విమానములలో ఈ సాధనము నెలకొన్నది 1980ల ఆరంభమున, బోయింగు 757, 767 రకములతో. నడుమ రెండు దశాబ్దములు ఏమి జరిగినట్లు? మెల్లగ తిరుగునపుడు, అద్దములపై చెదరిన లేశమాత్రపు వెలుగు వలన రెండు కిరణములును ఒండొంటితో పెనవైచుకొని, తమలో భేదమే లేనట్లు నటించును. భూభ్రమణము వంటి మందగమనము అపుడు సాధనమునకు కానరాదు. దీనికి హనీవెల్ సంస్థకు చెందిన కిల్‌పాట్రిక్ కనిపెట్టిన ఉపాయమునకు 1968లో అమెరికా పేటెంటు లభించినది. సాధనమునంతను సెకనుకు కొన్ని వందల పర్యాయములు సన్నగ వణకించుటయే ఆ ఉపాయము. నిద్రకు తూగువానిని భుజము తట్టి మేలుకొల్పినట్లు, ఆ వణుకు కిరణములను కలిసిపోనీయదు. కాని వణుకు రోగమునకు మందే గాని రోగమూలమును తీయునది కాదు. మూలము అద్దమునందున్నది. అద్దము మీది పొరలు ఎంత నునుపైనచో చెదరు వెలుగు అంత తగ్గును. అందుచే అసలు పోరు అద్దముపూత మీదికి మరలినది.

ఆ పోరెట్టిదో లిట్టన్, హనీవెల్ అను రెండు అమెరికా సంస్థల వ్యాజ్యము తేటపరచును. అద్దములపై అయానుల ధారతో సన్నని పొరలు పూయు పద్ధతికి 1979లో పేటెంటు లభించినది. ఆ హక్కు తమదనియు, హనీవెల్ దానిని అతిక్రమించినదనియు 1990లో లిట్టన్ వారు వ్యాజ్యము వేసిరి. 1993లో జ్యూరీ 120 కోట్ల డాలర్ల నష్టపరిహారము విధించినది. 1995లో న్యాయమూర్తి దానిని త్రోసిపుచ్చెను. పై న్యాయస్థానము 1996లో న్యాయమూర్తి తీర్పును మార్చినది. 1997లో అమెరికా సుప్రీము కోర్టు ఆ తీర్పును రద్దుపరచి మరల విచారింపుడని పంపినది. విపణిని గుత్తకు పట్టినారను మరియొక వ్యాజ్యము దీనికి తోడుగ నడచినది. తుదకు 2001 డిసెంబరు చివర, అప్పటికి లిట్టన్‌ను కొన్న నార్త్‌రప్ గ్రమ్మన్ సంస్థకు హనీవెల్ 44 కోట్ల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనుటతో పదునొకండేండ్ల కలహము ముగిసినది. చదువరులు ఒక్క విషయమును గమనింప గోరుచున్నాము. ఇన్ని కోట్ల పేటెంటు తగవు నడచినది సాన్యాక్ తత్త్వమును గూర్చి కాదు, లేజరును గూర్చియు కాదు. అద్దము మీద పొర నెట్లు పూయవలెనను పనివాని నేర్పును గూర్చి.

పేటెంటులే పేద దేశముల పురోగతికి అడ్డుగోడలని మనలో పలువురు నమ్ముదురు. ఔషధముల విషయమున ఆ మాటలో నిజము చాల గలదు. కాని ఈ సాధనము విషయమున అది చెల్లదు. పేటెంటు ఏ దేశమున పొందబడెనో ఆ దేశముననే చెల్లును. అమెరికాలో మాత్రమే నమోదైన ఉపాయమును భారతదేశమున వాడుకొనుటకు చట్టము నాడును అడ్డు రాలేదు. అదిగాక పేటెంటు ఒక బేరము: కనిపెట్టినవాడు తన ఉపాయమును లోకమునకు విప్పిచెప్పవలెను, ప్రతిగా కొన్నేండ్లు దానిపై ఏకాధికారము ననుభవించును. వణుకు ఉపాయపు పేటెంటుకును, అద్దముపూత పేటెంటుకును గడువు తీరి ఏండ్లు గడచినవి. ఆ పత్రములు నేడు ఎవరైనను చదువుకొనవచ్చును. ఐనను ప్రపంచమున లేజరు గైరోస్కోపులను చేయగల దేశములను వ్రేళ్లపై లెక్కింపవచ్చును. పాకశాస్త్రమును వల్లించినంత మాత్రమున నలభీములు కాజాలరు. వేడికి పెరుగని గాజు, వెలుగును చెదరనీయని పూత, ఏండ్ల తరబడి వాయువు జారని బిగింపు, ఇవి పత్రములలో పూర్తిగ దొరకునవి కావు, చేతులలో ఊరునవి.

మనకు అడ్డుపడిన గోడ వేరొకటి. 1987లో ఏడు సంపన్న దేశములు కూడి క్షిపణి పరిజ్ఞానమును ఇతరులకు పోనీయకుండ కట్టడి చేసికొన్నవి. ఆ కట్టడిలో గంటకు అర డిగ్రీ కంటె తక్కువ తప్పు గల గైరోస్కోపులకును స్థానము కలదు. 1998 అణుపరీక్షల పిమ్మట అమెరికా మన పరిశోధన సంస్థలను ఆంక్షల పట్టికలో చేర్చినది. పెక్కింటి పేర్లు 2011 జనవరిలో గాని తొలగలేదు. పేటెంటు తన రహస్యమును చెప్పును, తన గడువును తీర్చుకొనును. ఈ కట్టడి చెప్పదు. దానికి గడువును లేదు. 2016లో మనకే ఆ కూటమిలో సభ్యత్వము లభించినది. కాని గోడలోపలికి రానిచ్చుట వేరు, విద్య నేర్పుట వేరు.

ఈ గోడను మనవారు వేడుకోలుచే గాక, పనిచే దాటిరి. హైదరాబాదునందలి ఇమారత్ పరిశోధన కేంద్రము ఇందు ముఖ్యమైనది. 2011 నవంబరు 15న ప్రయోగించిన అగ్ని-4 క్షిపణికి దారిచూపినది స్వదేశపు వలయ లేజరు గైరోస్కోపులతో కూడిన యాన వ్యవస్థయే. తిరువనంతపురమున అంతరిక్ష సంస్థవారు ఈ విద్యనే వేరొక ఫలమునకు తెచ్చిరి. 2023 ఆగస్టు 23న చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతమున దిగిన విక్రమునకు తన స్థితిని తెలిపిన సాధనములలో లేజరు గైరోస్కోపులును గలవు. చీనా దేశమును ఈ మార్గమునే త్రొక్కినది. 1970ల ఆరంభమున గావ్ బోలోంగ్ అను ఆచార్యుడు చాంగ్షా నగరమున మొదలిడిన పని 1990ల నడుమగాని పక్వమునకు రాలేదు. అద్దములను నునుపుచేయు పనియే ఆయన బృందమునకు ఏండ్లు పట్టినదట. అమెరికాకు ఇరువదేండ్లు, చీనాకు అంతకు మించి. ఇది పంచవర్ష ప్రణాళికకు లొంగు విద్య కాదు.

అరువు సొమ్ములు బరువు చేటని పెద్దలన్నారు. మన స్వంత దారిచూపు ఉపగ్రహములే దీనికి సాక్ష్యము. తొలి ఉపగ్రహములందు విదేశమున కొన్న పరమాణు గడియారములను అమర్చిరి. మొదటి ఉపగ్రహమందలి గడియారములు మూడును చెడినవని 2017లో బయటపడినది. అపుడుగాని స్వదేశపు గడియారముపై పట్టుదల హెచ్చలేదు. 2023 మే 29న ఎగిరిన ఉపగ్రహము మనవారు చేసిన రుబీడియము గడియారమును మోసికొని పోయినది. చెడిన పిదప మేల్కొనుట కంటె ముందే మేల్కొనుట చౌకయని చెప్పనేల?

ఇట్లు క్షిపణికిని చంద్రయానమునకును మనము చేసికొన్న సాధనము పౌరజీవనమున ఎంతవరకు ప్రవేశించినది? మన ప్రయాణికులను మోయు బోయింగు, ఎయిర్‌బస్ విమానములు తమ గైరోస్కోపులను తమతోడనే తెచ్చుకొనుచున్నవి. నౌకలకును, భూగర్భమున నూనెబావులు త్రవ్వువారికిని, సొరంగములు తొలచువారికిని ఈ జాతి సాధనములు కావలెను. చంద్రునిపై దిగుటకు పనికివచ్చిన నేర్పు విశాఖ రేవునుండి వెడలు వర్తకనౌకకు పనికిరాకపోవునా? లోపము విద్యలో లేదు. విద్యను ప్రయోగశాల గడప దాటించు ఏర్పాటులో నున్నది. 2019లో రక్షణ పరిశోధన సంస్థ తన పేటెంటులను దేశీయ పరిశ్రమలు రుసుము లేకుండ వాడుకొనవచ్చునని ప్రకటించినది. మంచిదే. కాని పత్రము నిచ్చుట పనితనము నిచ్చుట కాదని పైన చూచితిమి. పత్రముతో బాటు కొన్ని ఏండ్లు పనివారిని గూడ పంపవలెను. పరిశ్రమల పనివారిని ప్రయోగశాలకు రప్పింపవలెను.

పేటెంటుల సంఖ్యను జూచి ఉప్పొంగుట ఇటీవల మనకు అలవాటైనది. 2023-24లో మన కార్యాలయము లక్షకు పైగా పేటెంటులను మంజూరు చేసినది. సంఖ్య సంతోషకరమే. కాని మన 1970 చట్టము 83వ సెక్షనులో పేటెంటుల ప్రయోజనమును స్పష్టముగ చెప్పినది: ఉపాయము ఈ దేశమున పనిలోనికి రావలెను, సరకును దిగుమతి చేసికొను ఏకాధికారము నిచ్చుటకే పేటెంటు కాదు. అట్లు పనిలోనికి వచ్చినదో లేదో తెలుపు వాఙ్మూలమును లోగడ ఏటేట దాఖలు చేయవలసి యుండెను. 2024లో నియమములను సవరించి దానిని మూడేండ్ల కొక పర్యాయము చేసిరి. మంజూరైనవి లెక్కించుటకు ఉత్సాహము చూపువారు పనిలోనికి వచ్చినవి లెక్కించుటకు జంకుటను మేము సమర్థింపజాలము. చెట్టు పేరు చెప్పి కాయలమ్మినట్లు, మంజూరుల పేర శాస్త్రాభివృద్ధిని అమ్మరాదు.

భాష సంగతి యొకటి. మన చట్టము ప్రకారము పేటెంటు వివరణ ఆంగ్లమున గాని హిందీయందు గాని యుండవలెను. బాలానగరు కార్ఖానాలలో వెంట్రుకవాసి తేడా లేకుండ లోహమును చెక్కు తెలుగు పనివానికి, గడువు తీరి లోకము సొత్తైన ఉపాయములు అతని భాషలో అందవు. గడువు తీరిన పేటెంటులలో మన పరిశ్రమలకు పనికివచ్చువానిని ఏరి, దేశభాషలలో సంగ్రహములుగ ప్రకటించుట ప్రభుత్వమునకు మించిన వ్యయము కాదు. విశ్వవిద్యాలయములు ఈ పనికి పూనుకొనవచ్చును.

దేశరక్షణకు సంబంధించిన విద్యను బజారున పెట్టుదురా యని కొందరు శంకింతురు. శంక సహేతుకమే. రక్షణకు ముఖ్యమైన ఉపాయములను ప్రకటింపకుండ ఆపు అధికారమును చట్టపు 35వ సెక్షను ప్రభుత్వమునకు ఇచ్చినది. అట్టి ఆజ్ఞలను నియతకాలమున పునర్విమర్శింపవలెనని 36వ సెక్షను విధించినది. క్షిపణికి వలయు సూక్ష్మత రహస్యముగ నుండవచ్చును. నౌకకు, నూనెబావికి, సొరంగమునకు చాలునంత సూక్ష్మతను దాచి ప్రయోజనమేమి? ప్రపంచమున పలువురమ్ము సరకును మనవారికి రహస్యమని చెప్పి, విదేశీయుల వద్ద కొనుట వివేకము కానేరదు.

కావున మేము కోరునవి మూడు. ప్రయోగశాలలు సాధించిన గైరోస్కోపు విద్యను పౌరపరిశ్రమలకు పనివారి సహితముగ అందింపవలెను. పేటెంటులు పనిలోనికి వచ్చిన వివరమును మరల ఏటేట ప్రజల ముందుంచవలెను. గడువు తీరిన ఉపాయములను దేశభాషలకు తేవలెను. ఢిల్లీ మీద ఆ బూటకపు సంకేతములు ప్రమాదము తేలేదు గాని, హెచ్చరిక తెచ్చినవి. దిక్కుతోచని వేళ దారిచూపు సాధనము అరువుదైనచో, ఆ దిక్కును ఇచ్చినవాడు ఏనాడైనను మరల పుచ్చుకొనవచ్చును. చంద్రుని మీద దారి తప్పనివారము నేలమీద అరువు దిక్సూచితో నడువనేల?