డెబ్బైలో ఏడెక్కడ?

2023-24లో సింగరేణి బొగ్గు ఉత్పత్తి 70 మిలియన్ టన్నులు దాటింది. గోదావరిఖని, రామగుండం ప్రాంతంలో ఆ లెక్క గనికి వెళ్లేవారికే కాదు, ఇంట్లో ఉండేవారికీ తెలుసు. ఆ 'డెబ్బై మిలియన్'లో మొదటి మాట మన ఇంటిది, రెండోది ఇటలీది.

ముందు మన మాట. అరవైలో ఆరు వినిపిస్తుంది, నలభైలో నాలుగు. మరి డెబ్బైలో ఏడేదీ? ఉంది, కాకపోతే అటుదిటయింది. ఏడు పదులు కలిస్తే 'ఏడ్బది' కావాలి. పలకగా పలకగా ముందున్న అచ్చు డకారం వెనక్కి జరిగి 'డెబ్బది', తరవాత డెబ్బై అయింది. రెండు సంగతీ ఇలాంటిదే. తమిళులు ఇప్పటికీ 'ఇరండు' అంటారు. మనవాళ్ల నోట ముందరి 'ఇ' జారిపోయింది. పోయినది పూర్తిగా పోలేదు, ఇరవైలో, ఇద్దరిలో దాక్కుంది.

ఫ్రాన్సులో అయితే డెబ్బైకి వేరే మాటే వాడరు, 'అరవై-పది' అంటారు. ఎనభై అంటే 'నాలుగు ఇరవైలు'. తొంభై తొమ్మిది చెప్పాలంటే 'నాలుగు ఇరవైల పది తొమ్మిది'! పొరుగున ఉన్న బెల్జియంలోని ఫ్రెంచివాళ్లు మాత్రం లాటిన్ ఏడు నుంచి వచ్చిన 'సెప్తాంత్'తో సుఖంగా ఉన్నారు. అంత మెలికనూ ఫ్రెంచి పిల్లలు బడిలో చేరగానే నేర్చేసుకుంటారు. మన దగ్గరేమో కూరగాయల బండి దగ్గర అమ్మమ్మ 'డెబ్బై తొమ్మిది' అంటే, 'అంటే ఎంత అమ్మమ్మా?' అని మనవడు అడుగుతాడు. 'సెవెంటీ నైన్ బిడ్డా' అని ఆమే తర్జుమా చేసుకోవాలి. తప్పు పిల్లాడిది కాదు, ఎక్కాలు కూడా ఇంగ్లీషులోనే చెప్పించిన పెద్దలది.

ఇక మిలియన్. లాటిన్‌లో 'మిల్లే' అంటే వెయ్యి. ఇటలీవాళ్లు మాట చివర 'ఓనె' తగిలిస్తే అది పెద్దదని అర్థం. అలా 'పెద్ద వెయ్యి' మిలియోనె అయి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు, అక్కణ్నుంచి మన బొగ్గు లెక్కల్లోకి వచ్చింది. 70 మిలియన్ టన్నులంటే ఏడు కోట్ల టన్నులే. కోటి ఉండగా పెద్ద వెయ్యితో పనేమిటో!

అన్నీ ఇలా పరాయిగా మిగిలిపోలేదు. అరటిపండ్ల బండి దగ్గర అడిగే 'డజను' ఫ్రెంచి పన్నెండు నుంచి పుట్టిందే. 2020లో ఇంటింటా వినిపించిన 'క్వారంటైన్'లో ఉన్నదీ అంకే. అంటువ్యాధుల కాలంలో వెనిస్ రేవుకు వచ్చిన ఓడలను నలభై రోజులు దూరంగా ఆపేవారు. ఇటాలియన్‌లో నలభై 'క్వరాంత'. గోదావరిఖనిలో గదిలో పద్నాలుగు రోజులే ఉన్నా, పేరు మాత్రం నలభై రోజులదే.