జారుడుబండ

మా ఆదోని చుట్టుపక్కల పత్తీ వేరుశెనగా వేసినవారంతా మబ్బు కోసం ఆకాశంకేసి చూస్తారు. మబ్బు రాకుంటే బాగుండుననుకొనే ఊరు కూడా ఒకటుందని, ఓ చలికాలం సిమ్లా వెళ్ళినప్పుడు తెలిసింది.

అక్కడ ఆరుబయట మంచుమీద జారే మైదానం 1920లో మొదలయింది. టెన్నిసు కోర్టులో నీళ్ళు గడ్డకట్టడం చూసి బ్లెస్సింగ్టన్ అనే దొరకు ఈ ఊహ తట్టిందంటారు. రాత్రిపూట పలుచగా నీళ్ళు చల్లితే, ఆకాశం నిర్మలంగా ఉన్ననాడు తెల్లవారేసరికి అద్దంలా పేరుకొంటుంది. మబ్బు పట్టిందా, ఆనాటికి ఆట లేదు. చలి తగ్గి, ఆట సాగే రోజులు కూడా ఈమధ్య తగ్గిపోతున్నాయట.

ఎమ్మిగనూరు దుప్పటి కప్పుకొని వణుకుతున్న మా అమ్మాయి, దాన్ని నామీద పడేసి, అడుగున ఇనుప పట్టీలున్న బూట్లు తొడుక్కొని దిగింది. నేను గట్టుమీదినుంచి దాని చెయ్యి వదలలేదు. గాలిలా పోతున్న ఎనిమిదేళ్ళ కుర్రవాడొకడు ఆగి, "వదలండి, పట్టుకొంటే రాదు" అన్నాడు హిందీలో. వదిలాను. మూడుసార్లు పడింది. నాలుగోసారి మోకాళ్ళు కాస్త వంచి పది బారలు సాగింది. వణకడం ఇప్పుడు నా వంతయింది.

చిన్నప్పుడు మా కొండకింది బండమీద జారి ఎన్ని నిక్కర్లు చింపుకొన్నానో! నా చెయ్యి ఎవరు పట్టుకొన్నారు గనుక? అదే బండమీదికి అమ్మాయిని ఇన్నాళ్ళూ పోనివ్వలేదు.

ఇల్లు చేరగానే, ఆదివారం అక్కడికి పోదామంది.

"బట్టలు చిరుగుతాయి" అంది మా ఆవిడ.

"కుట్టించుకోవచ్చులే" అన్నాను.